డిస్టోపియా నవలల్లో ముందు ఏది చదవాలి? అందరూ చెప్పే ‘1984’ మాత్రం కాదు

మా మేనకోడలు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పోయిన వేసవిలో ఒక రాత్రి ఫోన్ చేసింది. “మావయ్యా, ఈ ‘1984’ నా వల్ల కావట్లేదు. అరవై పేజీలు ఈడ్చాను. ఒక ముసలాయన దగ్గుకుంటూ మెట్లెక్కుతాడు, జిన్ తాగుతాడు, డైరీ రాసుకుంటాడు. దీన్నేనా అందరూ ఆహా ఓహో అంటోంది?”

ఆ ముసలాయన విన్‌స్టన్ స్మిత్ వయసు 39. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు, చెబితే నా వయసు కూడా మధ్యలోకి వస్తుంది.

తప్పు పిల్లదీ కాదు, పుస్తకానిదీ కాదు. కారం అలవాటు లేనివాడికి మొదటి ముద్దే కొత్తావకాయతో కలిపి పెడితే కళ్ళలో నీళ్ళు తప్ప రుచి తెలియదు. డిస్టోపియా అనగానే ఎవర్నడిగినా ‘1984’ పేరే చెబుతారు. నేను దాన్ని మొదటి పుస్తకంగా ఎవరికీ ఇవ్వను. మరి ఎవరికి ఏది ఇస్తానో, ఎందుకో చెబుతాను.

ముందు, ఏది డిస్టోపియా?

1516లో థామస్ మోర్ ‘యుటోపియా’ అన్న మాట పుట్టించాడు. గ్రీకు ముక్కలతో కట్టిన ఆ మాటకి అర్థం ‘ఎక్కడా లేని చోటు’. దానికి ఎదురుమాట ‘డిస్టోపియా’ని 1868లో తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ బ్రిటిష్ పార్లమెంటులో ప్రభుత్వాన్ని దెప్పడానికి వాడాడు. మన మాటల్లో చెప్పుకుంటే, రామరాజ్యం అని బోర్డు తగిలించుకున్న నరకం.

ఆ బోర్డు చాలా ముఖ్యం. ప్రపంచం నాశనమైపోయి, మిగిలిన నలుగురూ తిండి కోసం తిరుగుతుంటే అది ప్రళయం తర్వాతి కథ. ‘ఆదిత్య 369’లో టైమ్ మెషిన్ 2504కి వెళ్ళినప్పుడు, యుద్ధం తర్వాత జనం భూమి కింద బతికే భాగం అలాంటిది. డిస్టోపియాలో లోకం కూలిపోదు, చక్కగా నడుస్తుంటుంది. వేళకి సైరన్ మోగుతుంది, రేషన్ వస్తుంది, ఆఫీసులు తెరుస్తారు. ‘కల్కి 2898 ఏడీ’లో రెండూ ఉన్నాయి. నీళ్ళకీ తిండికీ అల్లాడే కాశీ ప్రళయం తర్వాతిది, దాని నెత్తిన అన్నీ ఉన్న కాంప్లెక్స్ డిస్టోపియా. అందులో నాకు బాగా పట్టింది యుద్ధాలు కాదు, భైరవ ఆశ. ఆ కాంప్లెక్స్‌ని కూల్చాలని అతనికి మొదట్లో ఉండదు. యూనిట్లు కూడబెట్టుకుని తనూ లోపలికి పోవాలని ఉంటుంది.

ఇంకో పొరపాటు, వీటిని కాలజ్ఞానంలా చదవడం. వీరబ్రహ్మంగారి మాటలు తీసి “ఆయన ఆనాడే చెప్పాడు” అన్నట్టు, ‘1984’ రాసిన జార్జ్ ఆర్వెల్ని కూడా “అప్పుడే సీసీ కెమెరాలు చెప్పాడు” అని మెచ్చుకుంటారు. ఆయన చెప్పింది తన కాలం సంగతి. మన బిహార్‌లోని మోతీహారీలో 1903లో పుట్టాడు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తను బర్మాలో ఇంపీరియల్ పోలీసుగా చేశాడు. 1941 నుంచి 43 దాకా బీబీసీలో కూర్చుని మన దేశానికి ప్రసారాలు తయారుచేశాడు. అధికారం ఎలా మాట్లాడుతుందో, వార్త ఎలా తయారవుతుందో లోపలినుంచి చూసినవాడు. కొత్తగా ఊహించింది కొంచెమే, చూసింది బోలెడు.

కాబట్టి వీటిని పోల్చేటప్పుడు ఏది నిజమైంది, ఏది కాలేదు అని లెక్కపెట్టకండి. పాలకుడెవడో కూడా పెద్దగా పట్టించుకోకండి, ఆ పాత్ర దాదాపు అన్నిటిలో ఒకటే. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కథలో జనం ఎందుకు నోరు మెదపడం లేదు? జవాబు పుస్తకానికొక రకంగా ఉంటుంది. మీకు సరిపోయే పుస్తకం అక్కడే దొరుకుతుంది.

భయపెట్టి ఒకడు, సుఖపెట్టి ఒకడు

ఈ రంగంలో అసలు పోటీ ‘1984’కీ, ఆల్డస్ హక్స్‌లీ 1932లో రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’కీ. చిత్రమేమిటంటే హక్స్‌లీ కొన్నాళ్ళు ఈటన్ స్కూల్లో ఆర్వెల్‌కి ఫ్రెంచ్ పాఠాలు చెప్పాడు. 1949లో శిష్యుడి పుస్తకం వచ్చాక గురువు ఉత్తరం రాశాడు: పుస్తకం గొప్పదే, కానీ రేపటి పాలకులు లాఠీలకి ఖర్చు పెట్టరు, తమ దాస్యాన్ని జనమే ప్రేమించేలా చేస్తారు అని దాని సారాంశం. పంతులు గారు పంతులు గారే. ఆ తర్వాత మూడు నెలలకే, 1950 జనవరిలో, ఆర్వెల్ క్షయతో పోయాడు.

‘1984’ లో అందరూ చెప్పే పాలకుడు బిగ్ బ్రదర్ పోస్టర్ కన్నా నన్ను ఎక్కువ వణికించింది చాక్లెట్ రేషన్. విన్‌స్టన్ పనిచేసేది సత్య మంత్రిత్వ శాఖలో. పాత పేపర్లు దిద్దడమే పని. ఈ ఏడాది చాక్లెట్ కోత ఉండదని ఫిబ్రవరిలో ప్రభుత్వం మాటిచ్చింది. ఏప్రిల్‌లో 30 గ్రాములది 20కి తగ్గిస్తున్నారు. అందుకని ఆ పాత మాట బదులు ‘ఏప్రిల్‌లో తగ్గించాల్సి రావచ్చు’ అన్న హెచ్చరికని పాత తేదీతోనే అచ్చులోకి ఎక్కిస్తాడు, అసలు కాగితాన్ని గోడలోని కన్నంలో పడేస్తాడు, అది మంటల్లోకి పోతుంది. ఇంతవరకూ మామూలే అనుకోండి. ఆ రోజే క్యాంటీన్‌లో కూర్చుంటే గోడకున్న టెలిస్క్రీన్ అనే తెర చెబుతుంది: చాక్లెట్ వారానికి 20 గ్రాములకి పెంచినందుకు జనం ఊరేగింపులు తీసి బిగ్ బ్రదర్‌కి కృతజ్ఞతలు చెప్పారట. నిన్ననే కదా తగ్గిస్తామని ప్రకటించారు? విన్‌స్టన్ చుట్టూ చూస్తాడు. పక్క బల్ల మీదివాడు నమ్మేశాడు, ఎదుటివాడు నమ్మేశాడు. గుర్తున్నవాణ్ణి నేనొక్కణ్ణేనా అనుకుంటాడు. చరిత్ర చెరపడం, భాష కుదించడం, నిఘా, రెండు నాల్కల ఆలోచన, ఆర్వెల్ సరుకంతా ఆ క్యాంటీన్ బల్ల దగ్గరే ఉంది.

ఇప్పుడు హక్స్‌లీ దగ్గరికి రండి. ఎనిమిది నెలల పసిపిల్లలు, ఖాకీ బట్టలు. వాళ్ళ ముందు గులాబీలు, రంగురంగుల బొమ్మల పుస్తకాలు పరుస్తారు. పిల్లలు కేరింతలు కొడుతూ పాక్కుంటూ వెళ్ళి పట్టుకోగానే సైరన్ మోగుతుంది, నేలలోంచి కరెంటు షాక్ కొడుతుంది. ఇలా రెండొందల సార్లు. ఇక ఆ పిల్లలు జన్మలో పుస్తకం ముట్టరు. పుస్తకాలంటే సరే, పూలెందుకు? ప్రకృతి ప్రేమ వల్ల ఫ్యాక్టరీలకి లాభం లేదు. పువ్వుని ఊరికే చూడొచ్చు, దేనికీ డబ్బు ఖర్చవదు. అందుకని పల్లెటూరంటే అసహ్యం, పల్లెటూళ్ళో సామగ్రితో ఆడే ఆటలంటే ఇష్టం, రెండూ కలిపి నూరిపోస్తారు. టికెట్ అమ్ముడవుతుంది, సామానూ అమ్ముడవుతుంది. 1932లో రాసిన మాటలివి.

అందులో మనుషులు సీసాల్లో పుడతారు. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని అయిదు మెట్లు, మెట్టుకొక బట్టల రంగు. హక్స్‌లీ వాడిన మాట అచ్చంగా ‘క్యాస్ట్’. నిద్రపోతున్న బీటా పిల్లల చెవిలో ఒక గొంతు చెబుతుంటుంది: ఆల్ఫాలు మరీ కష్టపడి పనిచెయ్యాలి, గామాలు మొద్దులు, నేను బీటాని అవడం ఎంత హాయో. ఇంగ్లండు పాఠకుడికి ఇది వింత ఊహ. ‘మన హద్దుల్లో మనం ఉండాలి’ అన్న మాట ఇంట్లో వింటూ పెరిగినవాళ్ళకి వింతేమీ కాదు. అయినా బాధగా ఉంటే సోమ ఉంది, మాత్ర. పేరు మన వేదాల్లోని సోమరసం నుంచి తెచ్చుకున్నాడు. ఈ హక్స్‌లీయే తర్వాత కాలిఫోర్నియాలో మన మదనపల్లె బిడ్డ జిడ్డు కృష్ణమూర్తికి దగ్గరి స్నేహితుడై, 1954లో ఆయన పుస్తకానికి ముందుమాట రాశాడు. ఎవరో పెట్టిన నమ్మకాల్లోంచి బయటపడమని చెప్పే మనిషితో ఆయనకి స్నేహం కుదరడం నాకేం ఆశ్చర్యం కాదు.

మరి రెండిట్లో ఏది? కథగా ‘1984’ గట్టిది. మనుషులకి రక్తమాంసాలున్నాయి, చివరి మూడో వంతు చదివాక రెండు రోజులు మామూలుగా ఉండలేం. హక్స్‌లీ ఆలోచనలో ముందున్నాడు, కథనంలో వెనకబడ్డాడు. పాత్రలు ఉపన్యాసాలిస్తాయి. మూడో అధ్యాయంలో మూడు నాలుగు చోట్ల జరిగే సంభాషణల్ని ఒక్కో వాక్యం చొప్పున కలిపేశాడు. అక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. అర్థంకాకపోయినా ఆగకుండా చదివేయండి, తర్వాత అంతా సర్దుకుంటుంది. ‘1984’లో అలాంటి గుంట రెండో భాగం చివర్లో వస్తుంది. కథ ఆపి, నిషిద్ధ గ్రంథం ఒకటి పేజీలకి పేజీలు చదివిస్తాడు. మొదటిసారి నేను దాటేశాను, మీరూ దాటేయొచ్చు. అమెరికాలో ఒక పెద్ద బుక్ క్లబ్బు ఆ భాగాన్నీ చివరి అనుబంధాన్నీ తీసేస్తే పుస్తకం తీసుకుంటామంది. డబ్బు పోతే పోయిందని ఆర్వెల్ ఒప్పుకోలేదు. క్లబ్బే దిగొచ్చింది.

రాజకీయాలు, పేపర్లు, టీవీ చర్చలు మీ రోజువారీ కాలక్షేపమైతే ఆర్వెల్. ప్రకటనలు, షాపింగ్, బోరు కొట్టగానే ఫోన్ తీయడం, ఇవి ఇబ్బంది పెడుతుంటే హక్స్‌లీ. రెండూ వెంటవెంటనే మాత్రం వద్దు.

మొదటి పుస్తకంగా నేనిచ్చేది

రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’, 1953. సన్నటి పుస్తకం, రెండు ఆదివారాల్లో అయిపోతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీ నేలమాళిగలో అరగంటకి పది సెంట్ల అద్దె టైపురైటర్ మీద తొలి ప్రతి కొట్టాడు. మొత్తం ఖర్చు 9 డాలర్ల 80 సెంట్లు. అంటే 49 గంటలు. మీటరు తిరుగుతుంటే రాసిన వేగం వాక్యాల్లో తెలుస్తుంది.

ఇందులో ఫైర్ ఇంజన్ వాళ్ళు మంటలు ఆర్పరు, పుస్తకాలు తగలబెడతారు. అది అందరికీ తెలిసిన ముక్క. తెలియాల్సింది వాళ్ళలో ఒకడైన కథానాయకుడు మోంటాగ్ ఇల్లు. అతని భార్య మిల్‌డ్రెడ్ హాల్లో మూడు గోడలూ టీవీలే. అందులో పాత్రలని ‘కుటుంబం’ అంటుంది. నాలుగో గోడ కూడా పెట్టిద్దాం, రెండు వేల డాలర్లేగా అని అడుగుతుంది. నా ఏడాది జీతంలో మూడో వంతు అంటాడతను. రాత్రి పడుకున్నా ఆమె చెవుల్లో చిన్న గవ్వల్లాంటి రేడియోలు మోగుతూనే ఉంటాయి. మనం ఒకర్నొకరు మొదట ఎక్కడ కలిశాం అని ఒకరోజు అడుగుతాడు. ఇద్దరికీ గుర్తు రాదు. పుస్తకాలు తగలబడే సీన్లన్నీ కలిపినా నాకు ఈ ఒక్క సంభాషణంత భయం వెయ్యలేదు.

పై అధికారి బీటీ చెప్పే ఒక మాట ఈ నవలని మిగతావాటినుంచి విడదీస్తుంది: ఇది ప్రభుత్వం మొదలుపెట్టింది కాదు. ముందు జనమే చదవడం మానేశారు. పెద్ద పుస్తకాలు పావుగంట రేడియో షో అయ్యాయి, తర్వాత రెండు నిమిషాల కాలమ్ అయ్యాయి, చివరికి డిక్షనరీలో పదీ పన్నెండు లైన్లయ్యాయి. నిషేధం ఆఖర్న వచ్చింది. ఇక్కడ నోళ్ళు మూయించింది తీరిక లేకపోవడం.

లోపాలు చెప్పకపోతే తప్పు. ఉపమానం మీద ఉపమానం పేరుస్తాడు, కొన్నిచోట్ల వాక్యం రెండుసార్లు చదవాలి. ఆడవాళ్ళ పాత్రలు పలచన. కథని కదిలించే పక్కింటి అమ్మాయి క్లారిస్ పని అవగానే మాయమైపోతుంది. అయినా చేతిలో ఫోన్ ఉన్న ఏ పాతికేళ్ళవాళ్ళకైనా ఇది మొదటి పేజీల్లోనే తగులుతుంది.

‘నేనున్నాగా’

మార్గరెట్ అట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ 1985లో వచ్చింది. గోడ ఇంకా నిలబడి ఉన్న రోజుల్లో, 1984లో, పశ్చిమ బెర్లిన్‌లో మొదలుపెట్టింది. తనకొక నియమం పెట్టుకుంది: చరిత్రలో ఎక్కడో ఒకచోట మనుషులు నిజంగా చెయ్యని పని ఏదీ ఇందులో రాయకూడదు. అందుకే ఇది కల్పన అని సర్దిచెప్పుకోవడం కుదరదు.

గిలియడ్ అనే ఆ మతరాజ్యంలో ఆడవాళ్ళు చదవకూడదు, దుకాణాల బోర్డుల మీద అక్షరాల బదులు బొమ్మలుంటాయి. కథానాయికకి సొంత పేరు కూడా లేదు, ఫ్రెడ్ అనేవాడికి చెందినది కాబట్టి ‘ఆఫ్రెడ్’. అయితే అసలు దెబ్బ ఇదంతా రాకముందు ఒక మామూలు రోజున తగులుతుంది. ఆమె కొట్లో సిగరెట్లు కొనబోతే కార్డు పనిచెయ్యదు. ఆఫీసుకెళ్తే ఆడవాళ్ళందర్నీ ఆ పూటే పంపించేస్తారు. సాయంత్రానికి తెలుస్తుంది, ఆడవాళ్ళ ఖాతాలన్నీ స్తంభించాయి, డబ్బు భర్త చేతికో దగ్గరి మగ బంధువు చేతికో పోతుంది. భర్త లూక్ మంచివాడు. దగ్గరికి తీసుకుని, నిన్ను ఎప్పుడూ నేను చూసుకుంటాగా అంటాడు. మన ఇళ్ళల్లో ఎంత ప్రేమగా అనే మాట అది, ‘నేనున్నాగా’. కానీ ఆ రాత్రి ఆమెకి ఒక అనుమానం వస్తుంది: ఇతనికి ఇందులో పెద్ద బాధ ఉన్నట్టు లేదే.

టీవీ సిరీస్ చూసినవాళ్ళు కూడా ఇది చదవాలి. నవల చాలా నెమ్మది, ఒక గదిలో కూర్చుని ఒక గొంతు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. పోరాటాలు, ఛేజింగులు ఆశిస్తే నిరాశే. దీనికి జతగా చదవడానికి మన దగ్గరే ఒకటి ఉంది. రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’, 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక మహిళా పత్రికలో అచ్చయింది. అందులో మగవాళ్ళు పరదాల వెనక, ఆడవాళ్ళు పాలనలో. అది డిస్టోపియా కాదు, నవ్వుతూ తిరగేసిన ఆదర్శలోకం. చిన్న కథ కాబట్టి దాన్ని ముందు చదివి, తర్వాత గిలియడ్‌లోకి వెళ్ళండి.

మిగతావి, క్లుప్తంగా

ఇంగ్లీషు నవలలు అలవాటు లేదు, వాక్యం సులువుగా ఉండాలి అనేవాళ్ళకి కజువో ఇషిగురో ‘నెవర్ లెట్ మీ గో’ (2005). ఒక బోర్డింగ్ స్కూల్లో పెరిగిన ముగ్గురు స్నేహితుల కథ. ఇంతకన్నా చెప్పను. వెనక అట్ట చదవకండి, ఇంటర్నెట్‌లో వెతక్కండి. తుపాకులు లేవు, అయినా ఎవరూ పారిపోరు. ఎందుకు నోరు మెదపరన్న నా ప్రశ్నకి ఇక్కడ జవాబు అలవాటు, మెల్లగా ఎక్కే విషం. ఏడుపు తట్టుకునే రోజు చూసుకుని మొదలుపెట్టండి.

ఇంట్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలుంటే ‘ది హంగర్ గేమ్స్’ (2008). పిల్లలు పిల్లల్ని చంపే ఆట అని జంకేవాళ్ళకి ఒక సంగతి చెబుతాను. అందులో ఆటకి ఎవరు వెళ్ళాలో తేల్చే చీటీల లాటరీ అందరికీ సమానం అంటారు. కానీ ఆకలేసిన ఇంటి పిల్ల తన పేరు అదనంగా ఒకసారి వేయించుకుంటే, ఒక మనిషికి ఏడాదికి సరిపడా ధాన్యం, నూనె ఇస్తారు. పదహారేళ్ళ కాట్నిస్ పేరు డబ్బాలో 20 సార్లుంది, ఆమె స్నేహితుడు గేల్ పేరు 42 సార్లు. పేదరికం గురించి పిల్లలకి ఇంతకన్నా తేలిగ్గా చెప్పే లెక్క నాకు తెలియదు.

జమ్యాతిన్ ‘వుయ్’ వీటన్నిటికీ తాత. 1920–21లో రష్యాలో రాశాడు, 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వచ్చింది, సొంత దేశంలో అచ్చు కావడానికి 1988 దాకా పట్టింది. అందరూ గాజు ఇళ్ళల్లో ఉంటారు, గులాబీరంగు కూపన్ ఉంటేనే ఆ గంటసేపు తెరలు దించుకునే వీలు. ఆర్వెల్ దీన్ని చదివి 1946లో సమీక్ష రాశాడు, ఆ తర్వాతే ‘1984’. పోలికలు వెతకడం సరదాగా ఉంటుంది, కానీ ఆ సరదా ‘1984’ చదివాకే. ముందే చదివితే కథ చెప్పే ఇంజినీరు లెక్కల్లో తప్పిపోతారు.

మన దేశం కథే కావాలంటే రెండున్నాయి. మంజుల పద్మనాభన్ నాటకం ‘హార్వెస్ట్’ (1997), విదేశీ ధనవంతుడికి తన అవయవాలు రాసిచ్చిన ముంబై కుర్రాడి ఇల్లు. ఒక సాయంత్రం చాలు. ప్రయాగ్ అక్బర్ ‘లైలా’ (2017), కులానికో మతానికో గోడ కట్టుకున్న నగరంలో కూతుర్ని వెతుక్కునే తల్లి. నాటకం నాకు ఎక్కువ నచ్చింది, నవలలో మధ్య భాగం కాస్త జారుతుంది.

కొనేముందు

మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళకి కాపీరైట్ తీరిపోతుంది. అందుకే 2011 నుంచి ‘1984’ని, 2024 నుంచి ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ని ఎవరైనా అచ్చెయ్యొచ్చు. చౌకగా దొరుకుతాయి, అక్షరం మాత్రం కొన్నిట్లో చీమ తలకాయంత. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొనేటప్పుడు ఒక పేజీ అక్కడే నిలబడి చదివి చూడండి. బ్రాడ్‌బరీ, అట్‌వుడ్, ఇషిగురో లాంటి ఈ మధ్యవాళ్ళ పుస్తకాలకి ఇంకా హక్కులున్నాయి. అవి మరీ చౌకగా దొరికితే జిరాక్స్ ప్రతేమో అనుకోవాలి.

‘1984’ కొంటే చివర ‘న్యూస్పీక్’ (అందులో ప్రభుత్వం కుదించి తయారుచేసిన భాష) మీద అనుబంధం ఉందో లేదో తప్పకుండా చూడండి. చూడ్డానికి వ్యాకరణ పాఠంలా ఉంటుంది, ‘సమాప్తం’ పడ్డాక వస్తుంది కాబట్టి ఎవరూ చదవరు. దాన్ని మామూలు ఇంగ్లీషులో, భూతకాలంలో రాశాడు ఆర్వెల్. న్యూస్పీక్ ‘ఉండేది’ అంటాడు. అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రభుత్వం పోయిందనా? ఆయన తేల్చి చెప్పలేదు. అట్‌వుడ్ కూడా తన నవల చివర 2195 నాటి ఒక సెమినార్ పెట్టింది. విన్‌స్టన్ కథ చివరి వాక్యంతో పుస్తకం మూసేస్తే ఒక నవల, అనుబంధం చదివితే ఇంకో నవల.

మా మేనకోడలికి ముందు బ్రాడ్‌బరీ ఇచ్చాను, తర్వాత అట్‌వుడ్. లూక్ మంచివాడా కాదా అని ఇద్దరం దసరా సెలవులంతా వాదించుకున్నాం, ఇంకా తెగలేదు. పోయిన వారం ‘1984’ కూడా పూర్తిచేసింది. తను కొన్న చౌక ప్రతిలో అనుబంధం లేదట. నా ప్రతి కొరియర్ చెయ్యాలి.